నా ఇష్టం అనే ముందు ఒక్క నిమిషం: మన స్వేచ్ఛ పోకుండా, పక్కవాళ్ళకి కష్టం కలగకుండా బతకడం ఎలా

ఇది రాయడానికి కారణం నేను చేసిన ఒక తప్పు, అందుకే అక్కణ్ణించే మొదలుపెడతాను. కొన్నేళ్ళ కిందట ఫ్లాట్‌లో ఉండేటప్పుడు రాత్రి పూట పెద్ద స్పీకర్లో పాటలు పెట్టుకునే అలవాటు నాకు. కింద ఫ్లాట్‌లో ఉండే పెద్దావిడ ఒక రోజు పైకొచ్చి "బాబూ, తెల్లారుజామున నాలుగింటికి డ్యూటీకి పోవాలి నేను, పాట వినపడినా పర్లేదు గానీ ఆ ధబ్ ధబ్ మాత్రం నిద్ర పోనివ్వట్లేదయ్యా, అదొక్కటి తగ్గించగలవా" అని అడిగింది. తిట్టలేదు, గట్టిగా కూడా మాట్లాడలేదు. నేనేమో "నా ఇంట్లో నేను పెట్టుకుంటున్నానండీ" అనేశా. రెండు నెలల తర్వాత బిల్డింగ్ వాళ్ళందరూ కూర్చుని రాత్రి తొమ్మిది దాటితే పాటలు, టీవీ, చుట్టాలు, ఏదీ వద్దని రూల్ పెట్టారు. ఆ రూల్ నా ఒక్కడికే కాదు, అసలు ఎప్పుడూ ఎవరినీ ఇబ్బంది పెట్టని వాళ్ళకి కూడా పడింది, పక్క ఫ్లాట్‌లో పిల్లాడి పుట్టినరోజు కూడా తొమ్మిదికల్లా ఆపేయాల్సొచ్చింది.

అప్పుడు తెలిసింది నాకు, స్వేచ్ఛ ఒక్కసారిగా పోదు, మనలాంటి వాళ్ళు వాడుకునే తీరు వల్ల కొంచెం కొంచెంగా రూల్స్‌గా మారిపోతది. మనంతట మనం చూసుకుంటే రూల్ అవసరమే రాదు, మనం చూసుకోకపోతే ఎవరో ఒకరు పెడతారు, వాళ్ళు పెట్టే రూల్ ఎప్పుడూ అవసరమైన దానికన్నా మొరటుగానే ఉంటది. కాబట్టి బాధ్యత అంటే స్వేచ్ఛని తగ్గించుకోవడం అనుకోకండి, నా లెక్కలో అది స్వేచ్ఛకి కాపలా. ఇప్పుడు అది రోజువారీగా ఎలా చెయ్యాలో నాకు పనికొచ్చిన పద్ధతి చెప్తాను.

మొట్టమొదట వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే. ఈ పని వల్ల వచ్చే సుఖం నాది, మరి ఖర్చు ఎవరి నెత్తిన పడుతోంది? ఖర్చు అంటే డబ్బే కాదు, నిద్ర, టైమ్, ఆరోగ్యం, ప్రశాంతత, ప్రమాదం, అన్నీ. ఖర్చు మొత్తం నామీదే పడితే అది నా సొంత విషయం, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. నేనేం చదవాలి, ఏం నమ్మాలి, ఎవర్ని పెళ్ళి చేసుకోవాలి, జుట్టు ఎలా ఉంచుకోవాలి, ఇవన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. ఇది నేను కనిపెట్టిన మాటేం కాదు, 1789లో ఫ్రాన్స్‌లో మానవ హక్కుల ప్రకటన రాసినప్పుడే నాలుగో ఆర్టికల్‌లో, ఇతరులకి హాని చెయ్యని దేన్నైనా చెయ్యగలగడమే స్వేచ్ఛ అని పెట్టారు. తర్వాత 1859లో జాన్ స్టువర్ట్ మిల్ అనే ఇంగ్లీష్ తత్వవేత్త ఇంకా గట్టిగా చెప్పాడు, ఒక మనిషిని తన ఇష్టానికి వ్యతిరేకంగా ఆపడానికి సరైన కారణం వేరేవాళ్ళకి హాని జరక్కుండా చూడడం ఒక్కటే, "నీ మంచికే చెప్తున్నాం" అనేది బలవంతం చెయ్యడానికి చాలదు అని. నచ్చజెప్పొచ్చు, బతిమాలొచ్చు, బలవంతం మాత్రం కుదరదు.

ఇక్కడ చాలామంది తడబడేది ఎక్కడంటే హానికీ, నచ్చకపోవడానికీ తేడా దగ్గర. పక్కింటామె వేసుకునే బట్టలు నాకు నచ్చకపోవచ్చు, అది నాకు హాని కాదు, నా చూపు నేను తిప్పుకుంటే అయిపోతది. కానీ నా స్పీకర్ శబ్దం నుంచి కింద ఫ్లాట్ ఆవిడ తప్పించుకోలేదు, చెవులకి తలుపులు లేవు. నేను వాడే పరీక్ష ఇది, అవతలి మనిషి పెద్ద కష్టం లేకుండా తప్పించుకోగలరా? వాళ్ళు దీనికి ఒప్పుకున్నారా? రెండింటికీ కాదు అనే జవాబు వస్తే అక్కడ "నా ఇష్టం" అనే మాట వాడకూడదు, అంతే. మూసేసిన గదిలో సిగరెట్ కాల్చడం ఇలాంటిదే, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పక్కవాళ్ళు వదిలిన పొగ వల్ల ఏటా పది లక్షల మందికి పైగా చనిపోతున్నారు, వాళ్ళందరూ సిగరెట్ తాగని వాళ్ళే. స్పీడ్ కూడా అంతే, బండి నాది, పెట్రోల్ నాది, కానీ రోడ్డు మీద నడిచే మనిషి నా స్పీడ్‌కి ఒప్పుకోలేదు కదా. వేగం 20 శాతం పెంచితే గుద్దుకున్నప్పుడు పడే శక్తి 44 శాతం పెరుగుతుంది, ఎందుకంటే అది వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి, "కొంచెం ఫాస్ట్‌గా వెళ్ళా అంతే" అనే మాటలో ఆ కొంచెం నిజంగా కొంచెం కాదు.

రెండో ప్రశ్న ఇంకా ముఖ్యం, ఎందుకంటే మొదటి ప్రశ్నకి దొరకని పనులు దీనికి దొరుకుతాయి. నేను చేసినట్టే అందరూ చేస్తే ఏమవుతుంది?

మనందరికీ చిన్నప్పటి నుంచీ తెలిసిన కథే, రాజుగారు రాత్రికి రాత్రి తలా ఒక చెంబు పాలు తెచ్చి గుంటలో పొయ్యమన్నాడు, ఇంతమంది పాలు పోస్తున్నప్పుడు నా ఒక్క చెంబు నీళ్ళు ఎవరికి తెలుస్తాయిలే అని ప్రతివాడూ అనుకున్నాడు, తెల్లారి చూస్తే గుంట నిండా నీళ్ళే. ఈ కథలో నాకు ఎప్పుడూ గుచ్చుకునే విషయం ఏంటంటే, ఆ ఊళ్ళో ఒక్కడు కూడా దుర్మార్గుడు కాదు. విడిగా చూస్తే ప్రతివాడి లెక్కా కరెక్టే, ఒక్క చెంబు నీళ్ళతో పాలు పాడవ్వవు నిజమే. అందరి మంచికి జరిగే నష్టం ఎక్కువసార్లు ఇలాగే జరుగుతుంది, చెడ్డవాళ్ళ వల్ల కాదు, "నా ఒక్కడి వల్ల ఏం పోయింది" అనుకున్న మామూలు మనుషుల వల్ల.

యాంటీబయాటిక్స్ సంగతి చూడండి. జలుబు చేసింది, ఇంట్లో పాత టాబ్లెట్లు ఉన్నాయి, డాక్టర్‌ని అడక్కుండా రెండు వేసుకున్నాం. నా ఒళ్ళు, నా మందు, ఎవరికి నష్టం అనిపిస్తుంది. జలుబు ఎక్కువగా వైరస్ వల్ల వస్తుంది, యాంటీబయాటిక్ దాన్ని ఏమీ చెయ్యదు, ఈలోగా ఒంట్లో ఉన్న బ్యాక్టీరియాలో మందుకి తట్టుకునేవి మిగిలి పెరుగుతాయి, అవి ఇంకొకళ్ళకి అంటుకుంటాయి. పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగే 1945లో నోబెల్ ప్రసంగంలో ఈ హెచ్చరిక చేశాడు. ఒక ఊహా ఉదాహరణ చెప్పాడు, గొంతు నొప్పి వచ్చిన ఒకాయన పెన్సిలిన్ కొనుక్కుని చాలీచాలనంత వేసుకుంటాడు, అతని దగ్గరున్న సూక్ష్మజీవులు మందుకి అలవాటు పడతాయి, అవి భార్యకి అంటుకుంటాయి, ఆవిడకి న్యుమోనియా వస్తే పెన్సిలిన్ పనిచెయ్యదు, ఆవిడ చనిపోతుంది. ఆవిడ చావుకి బాధ్యుడెవరు అని అడిగాడు ఫ్లెమింగ్. మందు జనంలోకి వచ్చిన కొత్తలోనే ఆయన అడిగిన ప్రశ్న అది, ఇప్పటికీ మనం ఇంట్లో మందుల డబ్బా తెరిచిన ప్రతిసారీ వేసుకోవాల్సిన ప్రశ్న. టీకాలదీ అదే లెక్క. తట్టు సోకిన ఒక్క మనిషి నుంచి, రక్షణ లేని జనంలో 12 నుంచి 18 మందికి అంటుకుంటుంది, అందుకే దాదాపు 95 శాతం మందికి రక్షణ ఉంటే తప్ప అది ఆగదు. మిగిలిన ఆ కొద్ది శాతం మందీ ఎవరంటే ఇంకా టీకా వయసు రాని పసిపిల్లలు, కీమోథెరపీలో ఉన్నవాళ్ళు. వాళ్ళకి మనమే గోడ. ఆ గోడలోంచి నా ఇటుక నేను తీసుకెళ్ళిపోవడం నా హక్కేనా అనేది మనిషి తనని తాను నిజాయితీగా ప్రశ్నించుకోవాలి.

సరే, లెక్క వేశాం, ఖర్చు వేరేవాళ్ళ మీద పడుతోందని తేలింది. అంటే వెంటనే ఆ పని మానెయ్యాలా? అక్కర్లేదు, ఎక్కువసార్లు అక్కర్లేదు. ఇక్కడే మూడో పని, నాకు నిజంగా కావాల్సింది ఏంటో విడదీసి చూడడం. నాకు కావాల్సింది పాట వినడం, కింద ఆవిడ నిద్ర చెడగొట్టడం కాదు. తక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దం గోడల్లోంచి, నేలలోంచి తేలిగ్గా పోతుంది, పాటలో మాటలు ఆగిపోయినా ఆ ధబ్ ధబ్ మాత్రం కిందకి దిగుతుంది. స్పీకర్‌ని నేల మీద నుంచి తీసి కింద మందపాటి రబ్బరు వేసి, బేస్ తగ్గించి, రాత్రి పదకొండు తర్వాత హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే నాకు పోయేది దాదాపు ఏమీ లేదు. పది డెసిబెల్స్ తగ్గిస్తే శబ్దం శక్తి పదో వంతుకి పడిపోతుంది, మన చెవికి మాత్రం సుమారు సగం తగ్గినట్టే అనిపిస్తుంది. అంటే నేను సగం వదులుకుంటే ఆవిడకి రాత్రంతా దొరుకుతుంది. ఇలాంటి బేరాలు మన చుట్టూ చాలా ఉంటాయి, వెతకాలి అంతే. చిన్న సర్దుబాటుతో పోయే దానికి పెద్ద త్యాగం చెయ్యనక్కర్లేదు, తనకు మాలిన ధర్మం పనికిరాదని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. అన్నీ మానేసి, లోపల కుళ్ళుకుంటూ ఉండే మనిషి ఆర్నెల్ల తర్వాత విసిగిపోయి మళ్ళీ మొదటికే వస్తాడు.

మాటల విషయం విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు అందరి చేతిలో ఫోన్ ఉంది. అభిప్రాయం చెప్పే స్వేచ్ఛ చాలా పెద్దది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. మిల్ దీనికి ఒక మంచి ఉదాహరణ ఇచ్చాడు, ధాన్యం వ్యాపారులు పేదవాళ్ళని ఆకలికి మాడుస్తున్నారని పేపర్లో రాస్తే ఎవరూ ఆపకూడదు, అదే మాట ఆవేశంతో ఊగిపోతున్న గుంపు ముందు, ఆ వ్యాపారి ఇంటి గుమ్మం దగ్గర నిలబడి అంటే అది వేరే విషయం అన్నాడు. మాట ఒకటే, చోటు వేరు, టైమ్ వేరు, వినేవాళ్ళు వేరు. కాబట్టి ఫార్వర్డ్ బటన్ నొక్కే ముందు చూడండి, ఇది నిజమని నాకు ఎలా తెలుసు, ఇందులో ఒక మనిషి పేరో ఫొటోనో ఉందా, తప్పని తేలితే ఆ మనిషికి ఏమవుతుంది, ఈ గ్రూప్‌లో వాళ్ళు ఇప్పుడే కోపంతో ఉన్నారా. ఒక్క రాత్రి ఆపి పొద్దున్నే చూస్తే సగం మెసేజ్‌లు పంపాలనే అనిపించదు. తప్పుడు మెసేజ్ పంపేశామని తెలిస్తే చడీచప్పుడు లేకుండా డిలీట్ చెయ్యడం చాలదు, అదే గ్రూప్‌లో "నేను పంపింది తప్పు" అని రాయాలి, చదివినవాళ్ళు దాన్ని ఇంకో పది చోట్లకి ఆల్రెడీ పంపేసి ఉంటారు కాబట్టి.

ఇంకో పని, ఎవరో ఒకరు చూసుకుంటారులే అనే మాటని మనసులోంచి తీసెయ్యాలి. 1968లో బిబ్ లాటానే, జాన్ డార్లీ అనే సైకాలజిస్టులు ఒక ప్రయోగం చేశారు. గదిలో కూర్చుని ఫారం నింపుతుంటే గోడలోంచి పొగ రావడం మొదలవుతుంది. మనిషి ఒంటరిగా ఉన్నప్పుడు 75 శాతం మంది లేచి బయటికెళ్ళి చెప్పారు. పక్కన ఏమీ పట్టనట్టు కూర్చున్న ఇద్దర్ని పెడితే 10 శాతం మందే చెప్పారు. కళ్ళెదురుగా పొగ వస్తున్నా సరే! నలుగురూ ఊరుకున్నారంటే ప్రమాదం లేదనుకుంటాం, వాళ్ళూ మనల్ని చూసి అదే అనుకుంటుంటారు. కాబట్టి మెట్ల మీద లైట్ పోయినా, పైప్ కారుతున్నా, రోడ్డు మీద ఎవరైనా పడిపోయినా, చూసిన మొదటి మనిషి నేనే అనుకుని కదలండి. వేరేవాళ్ళ సాయం కావాలంటే "ఎవరైనా ఫోన్ చెయ్యండి" అనకండి, ఒకళ్ళని చూపించి "నీలం చొక్కా వేసుకున్న మీరు, అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యండి" అనండి.

ఇప్పుడు రెండో వైపు. గుంపు మన మీదికి వచ్చినప్పుడు ఏం చెయ్యాలి? అందరి మంచి కోసం అనే మాటని ప్రతివాడూ వాడతాడు, అధికారం ఉన్నవాళ్ళు ఇంకా ఎక్కువ వాడతారు. ఊరంతా ఒక దారి ఉలిపికట్టెది ఒక దారి అని మనల్ని వెక్కిరిస్తారు గానీ, ఒక్కోసారి ఉలిపికట్టె దారే సరైనది. 1984లో ఇటలీలోని సిరాక్యూజాలో న్యాయ నిపుణులు కూర్చుని, హక్కుల్ని ఎప్పుడు పరిమితం చెయ్యొచ్చో కొన్ని సూత్రాలు రాశారు. అవి ప్రభుత్వాల కోసం రాసినవే అయినా అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో కూడా చక్కగా పనిచేస్తాయి. ఈ రూల్ నిజంగా ఏ సమస్య కోసం? ఈ రూల్‌తో ఆ సమస్య తీరుతుందా? ఇంతకన్నా తేలికైన దారి లేదా? అందరికీ ఒకేలా వర్తిస్తుందా, లేక ఒకళ్ళనే గురిపెట్టి పెట్టారా? ఈ ప్రశ్నలు అడగడం పేచీ పెట్టడం కాదు, మర్యాదగా అడగండి, కానీ అడగండి. మా బిల్డింగ్ రూల్‌కి ఈ ప్రశ్నలు వేస్తే రెండోదాని దగ్గరే ఆగిపోతుంది, చుట్టాలు రావడం ఎప్పుడూ సమస్యే కాదు, శబ్దమే సమస్య. కాకపోతే ఆ రోజు అడిగే నోరు నాకు లేదు, ఎందుకంటే ఆ రూల్ తెచ్చిపెట్టింది నేనే. తన వంతు తాను చేసిన మనిషి మాటకే మీటింగ్‌లో విలువ ఉంటుంది.

కలిసి రూల్ పెట్టుకోవాల్సి వస్తే ఎలా పెట్టుకోవాలో ఎలినార్ ఆస్ట్రమ్ అనే అమెరికన్ పరిశోధకురాలు జీవితమంతా పరిశీలించింది, 2009లో ఆవిడకి ఎకనామిక్స్‌లో నోబెల్ వచ్చింది, ఆ బహుమతి అందుకున్న మొదటి మహిళ. అంతకు ముందు 1968లో గారెట్ హార్డిన్ రాసిన వ్యాసం చదివి, ఉమ్మడి బీడు ఉంటే ప్రతివాడూ ఇంకో ఆవుని తోలి చివరికి బీడు నాశనమవుతుందని చాలామంది నమ్మేవాళ్ళు. ఆస్ట్రమ్ మాత్రం అలా కాకుండా వందల ఏళ్ళుగా ఉమ్మడి ఆస్తిని కాపాడుకుంటున్న ఊళ్ళని చూపించింది. స్విట్జర్లాండ్‌లో టోర్బెల్ అనే కొండ ఊళ్ళో 1517 నాటి రూల్ ఒకటుంది, చలికాలంలో తన సొంత మేతతో ఎన్ని ఆవుల్ని మేపుకోగలడో అన్నింటినే వేసవిలో ఉమ్మడి బీటికి తోలాలి, అంతకన్నా ఎక్కువ కుదరదు. నాకు ఈ రూల్ అంటే ఎంత ఇష్టమో చెప్పలేను. ఎవడి వాటా ఎంతో వాడి సొంత కష్టమే తేలుస్తుంది, ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు. ఆవిడ చూసిన మిగతా చోట్ల కూడా దాదాపు ఇవే కనిపించాయి, రూల్ ఎవరికి వర్తిస్తుందో వాళ్ళే కూర్చుని పెట్టుకోవడం, మొదటి తప్పుకి చిన్న శిక్ష, మళ్ళీ మళ్ళీ చేస్తే పెద్దది.

జరిమానా ఒక్కటే నమ్ముకుంటే మాత్రం దెబ్బతింటాం. ఇజ్రాయెల్‌లో హైఫాలో పిల్లల డేకేర్లలో ఒక ప్రయోగం చేశారు, 2000లో అచ్చయింది. తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకెళ్ళడానికి లేటుగా వస్తున్నారని కొన్ని డేకేర్లలో ఫైన్ పెట్టారు. లేటుగా వచ్చేవాళ్ళు తగ్గలేదు సరికదా సుమారు రెట్టింపయ్యారు. ఫైన్ తీసేసినా తగ్గలేదు. అంతకుముందు "పాపం టీచర్ మన కోసం ఎదురుచూస్తోంది" అనే మొహమాటం ఉండేది, ఫైన్ రాగానే అది రేటు అయిపోయింది, డబ్బు కడుతున్నాం కదా అనుకున్నారు. అందుకే ఇంట్లో పిల్లలకి గానీ ఆఫీసులో టీమ్‌కి గానీ రూల్ చెప్పేటప్పుడు దాని వెనక ఉన్న మనిషిని కూడా చూపించండి, "లేటైతే ఇంత కట్టాలి" అనే కంటే "నువ్వు లేటైతే ఫలానా ఆవిడకి ఇంటికి వెళ్ళడం కుదరదు" అనేది ఎక్కువ పనిచేస్తుంది.

పక్కవాళ్ళ వల్ల మనకి ఇబ్బంది అయినప్పుడు కూడా ఇదే వరస, ముందు నేరుగా, ఒంటరిగా, మర్యాదగా వెళ్ళి చెప్పండి, జరిగింది ఏంటో చెప్పండి, వాళ్ళు ఎలాంటి మనుషులో తీర్పు చెప్పకండి. కింద ఫ్లాట్ ఆవిడ నాకు చెప్పింది సరిగ్గా అలాగే, వినకపోవడం నా తప్పు.

మరి తప్పు చేసేశాక? రూల్ వచ్చిన మూడో వారం నేను కిందకి వెళ్ళాను. వెళ్ళే ముందు ఒకటి అనుకున్నా, "కానీ" అనే మాట వాడకూడదు అని. సారీ అండీ కానీ నాకూ స్ట్రెస్ ఉంటది, సారీ కానీ మీరు ముందే చెప్పి ఉంటే, ఇలా కానీ వచ్చిందంటే సారీ పోయినట్టే. తప్పు నాదని చెప్పి, ఏం చేస్తే మీకు బాగుంటుందని అడిగాను, రెండు వారాలు అలా చేసి మళ్ళీ వస్తాను, ఇంకా ఇబ్బందిగా ఉంటే చెప్పండి అన్నాను. ఈ రెండోసారి వెళ్ళి అడగడం మర్చిపోవద్దు, మొదటిసారి మొహమాటానికి అందరూ పర్లేదనే అంటారు. నేను మళ్ళీ వెళ్ళినప్పుడు ఆవిడ లోపలికి రమ్మని కూర్చోబెట్టి, తన డ్యూటీ చార్ట్ చూపించి, "ఈ రెండు రోజులూ నాకు సెలవు, కావాల్సినంత గట్టిగా పెట్టుకో" అంది. తర్వాతి మీటింగ్‌లో రూల్‌లోంచి చుట్టాల మాట తీసేద్దామని అడిగింది కూడా ఆవిడే.